అడుగున్నర గోడ

ఈ ఉదయం పులివెందుల దగ్గర చీనీ పూత వాసన ముక్కుకు తగలగానే యాకోబు మేస్త్రీ గుర్తొచ్చాడు.

ఆయనది జమ్మలమడుగు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు గోడ పని. నేను ప్రొద్దుటూరులో ఇళ్లకు ప్లాన్లు గీసేవాణ్ణి. కాలేజీ గడప తొక్కలేదు. లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. అందుకేనేమో, నా లెక్క తప్పంటే ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

ఓబుళరెడ్డి అనే రైతు తన చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య, ఇల్లు కట్టించమన్నాడు. ట్రాక్టరు మీద నుంచి పడి నడుము విరిగి, కూర్చోలేక మంచం పట్టిన మనిషి. "పండుకున్నా తోటలో ఉన్నెట్టే ఉండాలప్పా" అన్నాడు. ఆయన గదికి పన్నెండు అడుగుల వెడల్పున అద్దాల కిటికీ గీశాను. దాని అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తు.

ఇంటి కొలతలకు నేల మీద ముగ్గు పోసిన రోజు మేస్త్రీ ఆ గీతల మధ్య నులక మంచం వేసుకుని పడుకున్నాడు. ఏ ఇంటికైనా పునాది తవ్వే ముందు అలాగే చేసేవాడు. తల పక్కకు తిప్పి, అరచేయి గాలిలో నిలిపి, "అంచు ఇంతే ఉండాల. నువ్వూ పండుకోని సూడు" అన్నాడు. కూలీలు చూస్తున్నారు. నాకు నామోషీ అనిపించింది.

"టేపుంది కదా మేస్త్రీ."

"టేపు పండుకుంటాదా ఈడ? పండుకునేది ఆయప్ప!"

నా లెక్క కుర్చీలో కూర్చున్నవాడి కంటికి వేసింది. అది నాకు తట్టనే లేదు.

గృహప్రవేశం నాడు ఓబుళరెడ్డి కిటికీ వైపు చాలాసేపు చూశాడు. "చెట్లు యాడబోయినాయప్పా? ఆకాశంలో మోడమే కనపడ్తాంది" అన్నాడు. మంచం ఎత్తు చేస్తే, ఆయనను పక్కకు తిప్పాల్సిన భార్యకు అందదు.

మేస్త్రీ నన్ను వరండాలోకి లాగాడు. "అడుగున్నర గోడ తీసేద్దాం. రెండు దినాల పని."

తీస్తే తప్పు నాదని పదిమందికీ తెలుస్తుంది. "పూత నాటికి చూద్దాంలే" అన్నాను.

"పూత నీ కోసం ఆగుతాదా?"

ఆగలేదు. వాసన గదిలోకి వచ్చింది, చెట్లు రాలేదు. కాయ కోతకు ముందే ఓబుళరెడ్డి పోయాడు. మరుసటి ఏడు మేస్త్రీ పోయాడు. నీ మాటే నిజమని ఆయనతో అనడానికి నాకు ఏడాది పైగా గడువు దొరికింది. అనలేదు.

ఇప్పుడు నా కారు మీద ఒక నులక మంచం ఉంటుంది. ఈ రోజు కూడా కొత్త ముగ్గు గీతల మధ్య దాన్ని వేసి పడుకున్నాను. కూలీలు నవ్వారు. అరచేయి ఎత్తి నిలిపి, "అడుగున్నర మేస్త్రీ" అన్నాను. ఎవరితో అంటున్నానో తెలియక, వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు.