అచ్చాయమ్మ ప్రార్థన మనవి

రెవరెండ్ విజయ్ పాల్ గారు తెల్ల అంగీ వేసుకుని ఆంగ్లికన్ పద్ధతిలో ఆరాధన జరిపించేవారు. ప్రసంగానికి దిగితే మాత్రం సువార్త కూటాల బోధకుడే. ముప్పై నాలుగేళ్లు డెల్టా సంఘాల్లో పనిచేసి, రిటైరయ్యాక తణుకులో స్థిరపడ్డారు. తొమ్మిది చిన్న పుస్తకాలు రాశారు. వాటిలో క్రైస్తవ కన్వెన్షన్ పందిళ్లలో బాగా అమ్ముడుపోయేది, విశ్వాసులు తనతో చెప్పుకున్న సాక్ష్యాల పుస్తకం. పేరు మారిస్తే చాలు, ఎవరికీ నష్టం లేదని ఆయన నమ్మకం.

ఆయన వెళ్లే తణుకు చర్చికే వచ్చే అచ్చాయమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. భర్త మంచాన పడ్డ రోజుల్లో బడి బియ్యం క్యారేజీలో ఇంటికి తెచ్చుకుంది. అతను పోయాక ఆ సంగతి పాల్ అయ్యగారికి ఒక్కరికే చెప్పుకుని, ప్రార్థన చేయమంది. చేశారు. ఏడాది తర్వాత పుస్తకంలోకి ఎక్కించారు. పేరు మార్చారు గానీ బడి, వంట, జబ్బుపడ్డ భర్త అలాగే ఉన్నాయి. ఆమె ఏడుస్తూ నేల మీద పడిపోయిందని మాత్రం ఆయనే కలిపారు.

గురువారం స్త్రీల కూటంలో రూబీ టీచరు ఆ పుస్తకంలోంచి ఒక సాక్ష్యం పైకి చదివింది. చదువురాని అచ్చాయమ్మ ముందు చాప మీదే కూర్చుని వింటోంది. రెండో పేజీలో అది ఎవరి కథో అర్థమై రూబీ ఆపేసింది. అప్పటికే ఆడవాళ్లు అచ్చాయమ్మ వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. ఆ ఆదివారం నుంచి ఆమె చర్చికి రాలేదు.

రూబీ వచ్చి చెబితే అయ్యగారు ఆమె ఇంటికి వెళ్లారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. తప్పు తనదని, ఆదివారం సంఘమంతటి ముందు నిలబడి ఒప్పుకుంటానని చెప్పారు. తప్పుచేసినవాళ్లకి ఆయన ఇన్నాళ్లూ చెప్పిన మార్గం అదే.

"మళ్లీ చెబుతారా అయ్యగారూ?" అంది అచ్చాయమ్మ. "కూటానికి రాని మగాళ్లకింకా తెలీదండి."

ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. చర్చికి రావడం మానొద్దమ్మా అని మాత్రం బతిమాలారు.

"మీరుంటే రాలేనండి. మిమ్మల్ని చూస్తే అందరికీ ఆ పుస్తకంలోని నేను గుర్తొస్తాను."

మూడు వారాలకి ఆమె చర్చికి వచ్చిందని రూబీ ఫోన్ చేసింది. అప్పుడు అయ్యగారు నిడదవోలులో, తానెవరో ఎరగని సంఘంలో ఆరాధన అయ్యాక మెట్లు దిగుతున్నారు. అక్కడి సంఘ పెద్ద పలకరించి, ఊరు కనుక్కుని, తణుకులో చర్చి ఉండగా ఇంతదూరం వచ్చారేంటండీ అని అడిగాడు.

"ఆదివారం రైలు ఖాళీగా ఉంటుందండి" అన్నారాయన.