బొమ్మలు లేని బటన్లు

సిరొంచలో కంప్యూటర్ క్లాసులు చెప్పే శోభారాణి, కమలాబాయి విత్తనాల దుకాణానికి ఒక ప్రోగ్రాం రాసి ఇచ్చింది. కమలాబాయికి చదువు రాదు. అందుకే ఏ రైతు ఏ విత్తనం తీసుకుపోయాడో నమోదు చేయడానికి, ఒక్కో రకానికి ఒక్కో రంగు వరి కంకి బొమ్మతో ఒక్కో బటన్‌ను శోభారాణి స్వయంగా తయారుచేసింది. బొమ్మ నొక్కితే చాలు.

2006 వేసవిలో శోభారాణి తను ప్రోగ్రాంలు రాసే సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, ప్రోగ్రాంను మళ్ళీ తయారుచేసి దుకాణంలో పెట్టింది. తెర నిండా బూడిదరంగు బటన్లే. తప్పు ఉందని చెప్పే సందేశం ఒక్కటీ రాలేదు.

"బొమ్మలు ఎటు పోయినయ్ బిడ్డా?" అంది కమలాబాయి.

"అదే సూస్తున్న పెద్దమ్మా. జర ఆగు."

శోభారాణికి కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. ఒక్క బటన్‌నే ఖాళీ తెరపై పెద్దగా పెట్టి చూసింది. బొమ్మ శుభ్రంగా కనిపించింది. దుకాణం తెరపై చిన్నగా పెడితే మాయం. ఎందుకో తోచక బటన్‌ను వెడల్పుగా లాగింది. కింది మూలలో కంకి కొస తొంగిచూసింది.

"పోలేదు పెద్దమ్మా, పక్కకు జరిగినయ్ అంతే."

ఎవరు జరిపారన్నదే ప్రశ్న. ప్రోగ్రాంలో తను రాసిన వరుసలన్నీ చదివింది. బటన్ అంచుకూ బొమ్మకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో చెప్పే లక్షణానికి ఆమె మొదట్లోనే 'మార్జిన్' అని పేరు పెట్టుకుంది. కొత్త వెర్షన్‌లో ప్రతి బటన్‌కూ అదే పేరుతో మరో లక్షణం పుట్టుకొచ్చింది. ఆమె ఇచ్చే అంకె దానికి పోతోంది, బొమ్మ గీసే భాగం మాత్రం పాతదాన్నే, అందులో మొదటినుంచీ ఉన్న పెద్ద అంకెనే చూసి బొమ్మను చిన్న బటన్ల అంచు దాటిస్తోంది.

"ఒకటే పేరు ఇద్దరికి పడ్డది," అని చెప్పింది.

కమలాబాయి నవ్వింది. "మా గల్లీల ఇద్దరు లస్మయ్యలు ఉన్నరు. ఒకని ఉత్తరం ఇంకొకనికిస్తరు. ఇంటిపేరు కలిపితెనే సరిగ అందుతది."

శోభారాణి ఆ మాట పట్టుకుని తను పెట్టుకున్న లక్షణానికి 'కంకిఖాళీ' అని పేరు మార్చింది. ప్రోగ్రాం మళ్ళీ నడిపేసరికి కంకులన్నీ తమ చోట్లకు వచ్చి నిలిచాయి.

అప్పుడే పాతగూడెం నుంచి మారయ్య వచ్చి, పోయినేడు తను తీసుకున్న విత్తనమేదో అడిగాడు. కమలాబాయి వెతికి, ఎర్ర కంకి బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. శోభారాణి అటు చూడనేలేదు. తను రాసిన మిగతా ప్రోగ్రాంలు తెరిచి, 'మార్జిన్' అన్న పేరు ఇంకెక్కడెక్కడ వాడిందో వెతుకుతోంది.