పిల్లి ఈనిన ఫారం

మా ఇంట్లోకి పిల్లులు పుస్తకాల వల్లే వచ్చాయి. అచ్చయిన కాగితం ఎక్కడుంటే ఎలుక అక్కడికి వస్తుంది, మైదా బంక వాసనంటే దానికి మరీ ఇష్టం. మా ఆయన బళ్లారి బజారులోని బట్టల అంగడి తమ్ముడికి అప్పగించి తెలుగు పుస్తకాలు వేయడం మొదలుపెట్టిన ఏడాదే ఒక బూడిదరంగు పిల్లి తనంతట తానే వచ్చి చేరింది. ఇప్పుడు నాలుగున్నాయి. ప్రూఫులు పరిస్తే వాటి మీదే పడుకుంటాయి, అదీ నేను దిద్దాల్సిన పేజీ మీదే. లేపడానికి మనసొప్పక అవి లేచేదాకా వేరే పేజీ చూసుకుంటాను.

నేను బడికి పోలేదు. మా నాయన తల్లి, మా జేజి, తిరగలి చుట్టూ రాలిన పిండిలో వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. మా వీధి బడిలో చెప్పేది కన్నడం. అక్కడికి పోయిన మా అన్నదమ్ములకు తెలుగు చదవడం రాలేదు, ఇంట్లో ఉండిపోయిన నాకు వచ్చింది. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుడితో పాటు ఆమెనూ తలుచుకుంటాను.

ఈ ఏడాది మూడు పుస్తకాలు తలపెట్టాం. పిల్లలకు పొడుపుకథలు ఒకటి. ఎమ్మిగనూరు రైతు ఒకాయన తన వరి మడి గురించి రాసుకున్నది ఇంకొకటి. మూడోది తెక్కలకోట అవ్వ పాటలు. ఎనభై దాటిన మనిషి, బతుకంతా నాట్లకూ కలుపులకూ పోయింది. చదవడం రాదు, పాటలు మాత్రం లెక్కలేనన్ని. పోయిన వేసవిలో వారానికొకసారి బస్సెక్కి పోయి, ఆమె చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాను.

అందులో ఒక పాట జ్వరంతో పోయిన తన కొడుకు మీద ఆమె కట్టుకున్నది. దాంట్లో ఈ రెండు వరుసలున్నాయి:

కండ్లు లేని సామివి, నీకు గుడెందుకు, దీపమెందుకు?
నా బిడ్డను నీ గుడి ముందర్నుంచే మోసుకుపోయిరి.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పుస్తకంలో పదహారేసి పేజీలు ఒక్కో పెద్ద కాగితం మీద అచ్చవుతాయి, దాన్ని ఫారం అంటాం. ప్రతి కొత్త పుస్తకంలోంచి ఒక ఫారం కాపీలన్నీ ఉన్న కట్ట దేవుడి గదిలో పెట్టి, శుక్రవారం పసుపు కుంకుమ పెట్టాకే బైండింగుకు పంపుతాం. దేవుణ్ణి తిట్టిన కాగితాన్ని దేవుడి ముందు ఎలా పెట్టేది? శుద్ధప్రతి రాసేటప్పుడు ఆ రెండు వరుసలు వదిలేశాను. మా ఆయనకు చెప్పలేదు, అవ్వకూ చెప్పలేదు. ఆమెకు చదవడం రాదు కదా అన్న ధైర్యం కూడా లోపల ఉండింది. ఇప్పుడది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఫారాలు ఇంటికొచ్చిన రోజే అవ్వ మనవరాలు ఫోన్ చేసింది. "అక్కా, అవ్వ మంచం పట్టింది. బుక్కు వచ్చిందా, వచ్చిందా అని ఒకటే అడుగుతాండాది."

ఆ పాట ఉన్న కట్టనే ఏరి దేవుడి ముందు పెట్టాను, మనసు కుదుటపడుతుందనేమో. గురువారం పొద్దున తలుపు తీస్తే బూడిదరంగు పిల్లి ఆ కట్ట మీద ఈని ఉంది. మూడు పిల్లలు.

మా ఆయన గడప దగ్గరే నిలబడిపోయాడు. "దేవుడి ముందర పెడితే పుస్తకం బయటికొస్తాదంటివి. పిల్లలొచ్చినాయి. వీటికి అట్టలేసి అంగడికి పంపుదామా?"

"కండ్లు తెరిచేదాకా కదిలించకూడదండీ. తల్లి బెదిరితే పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాది."

"ఆ పొద్దుకు అవ్వ ఉండొద్దా?"

బాలింతను లేపడం పాపం, పోయే ప్రాణాన్ని కాచుకోబెట్టడం అంతకంటే పాపం. ఎటూ తేలక మూడు రోజులు పోనిచ్చాను. నాలుగో రోజు మనవరాలు మళ్లీ ఫోన్ చేసి, "గంజి కూడా తాగడం లేదక్కా" అంది.

పోయి కట్ట ముందు కూర్చున్నాను. పిల్లి గుర్రుమంది. దాని తల నిమురుతూ, కట్ట అడుగునుంచి ఒకే ఒక్క కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగాను. చినగకుండా వచ్చింది. మిగతా ఫారాలతో కలిపి మడిచి, సూదీ దారంతో కుట్టాను. మా ఆయన అంచులు కోసిచ్చాడు. అట్ట లేని ఆ ఒక్క ప్రతినే సంచిలో పెట్టుకుని మర్నాడు పొద్దున తెక్కలకోట బస్సెక్కాను.

అవ్వ పుస్తకాన్ని రొమ్ము మీద పెట్టుకుని తడిమింది. తర్వాత మనవరాలి చేతికిచ్చింది. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు కన్నడ తప్ప రాదవ్వా. అక్కనే చదవాల" అంది.

ఆ పుస్తకం ఆ ఇంట్లో ఎవరు చదువుతారని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఆలస్యమెందుకైందో చెబితే అవ్వ నవ్వింది. "పిల్లికి పురిటి పరుపు చేసినావా నా పాటల్ని, శెట్టమ్మా? పోనీలే. నేనూ గడ్డి పరుచుకోని కన్నదాన్నే."

కొడుకు పాట వచ్చింది. ఒక పేజీ తిప్పేస్తే దాటిపోవచ్చు. తిప్పలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చదివాను.

అవ్వ కళ్లు తెరిచింది. "ఆడ నిలుపు. సామిని తిట్టింది యాడ పోయింది?"

"గమ్మునుండవ్వా, అక్క అంత దూరం నుంచి వచ్చింది" అంది మనవరాలు.

"నువ్వుండే."

"నేనే తీసేసినానవ్వా" అన్నాను. "దేవుని మాట కదా, భయమేసింది."

అవ్వ నా వైపు తల తిప్పింది. ఊపిరి తీసుకోవడానికే కష్టపడుతోంది. "తిట్టింది నేను, భయం నీకేంది? ఆయప్ప ఇన్నేండ్లూ వింటానే ఉండాడు. ఒక్కనాడూ నన్నేమీ అన్లేదు. బిడ్డ పోయినంక నాకు మాట్లాడేదానికి ఆయనొక్కడే ఉన్నింది."

నేను రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. తిట్టేటంత దగ్గరికి ఎన్నడూ పోలేదు.

బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ కట్ట ఎట్లా పిల్లిదే అయిపాయ. బైండింగుకు పోకపోవడమే మేలైంది. ఆ ఫారం మళ్లీ వేయిద్దాం, నువ్వు ఆ వరుసలు సరిగ్గా రాసుకోని రా" అన్నాడు. కోప్పడనందుకు ఆయనకూ, బైండింగు ఆపినందుకు ఆ మూగజీవానికీ మనసులో దండం పెట్టుకున్నాను.

లోపలికి పోయి ఆ పేజీ అంచున పెన్సిలుతో ఆ రెండు వరుసలు రాశాను. పాట మొదటి నుంచి చదివాను. ఆ వరుసలు వచ్చేసరికి అవ్వ గొంతు సన్నగా నా గొంతుతో కలిసింది.

మనవరాలు లేచి తన బడి నోటుబుక్కు తెచ్చుకుంది. "మెల్లగా చెప్పక్కా. కన్నడ అక్షరాల్లో రాసుకుంటా. మీరు ఊరికి పోయినంక అవ్వకు నేను చదవాల కదా."

నేను ఒక్కో మాట విడిచి విడిచి చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తకుండా రాసుకుంటూ పోయింది.