ఉప్పు లేని గటక

జొన్నల పేరెత్తితే ఆరోగ్యం అని పేరున్న మా అత్తకు ఒళ్లు మండేది. టేకులపల్లి అవతల, అడవి అంచు ఊళ్లో పుట్టి, పెళ్లిదాకా జొన్న రవ్వ ఉడికించిన గటకతోనే పెరిగిన మనిషి. ఇల్లందు కాపురానికి వచ్చాక రోజూ తెల్లన్నం తినడమే ఆమెకు గొప్ప. "ఆ కరువు తిండి నా గడప తొక్కొద్దు" అనేది.

అలాంటి మనిషికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్‌కు వెళ్లిన ప్రతిసారీ బీపీ ఎక్కువుందని తిప్పి పంపేవారు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి అక్షరాలు కనబడక ఊరికే పెదవులు కదిపేది. డాక్టరమ్మ మాత్రలు రాసి, "పాలిష్ బియ్యం తగ్గించి పొట్టు తియ్యని జొన్నలు తినాలె. ఉప్పు కూడా తగ్గించాలె" అని చెప్పింది.

చివరి మాట అత్త చెవికెక్కలేదు. గటక వండి పెడితే, మామిడికాయ తొక్కు, ఎండుచేప లేనిదే ముద్ద దిగదంది. నెల తిరిగేసరికి బీపీ ఇంకా పెరిగింది.

"చూసినవా మహిమా? జొన్నలతోటే గిట్లయింది. నా కండ్లు ఇగ గింతే" అని మంచమెక్కింది.

నాకు కోపం నషాళానికంటింది. "జొన్నలేం చేసినయ్ అత్తమ్మా? నువ్వు తినేది గటకనా, తొక్కు జాడీనా? మీ అమ్మ గూడ గిట్లనే పెట్టిందా?"

అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"మా అమ్మకాడ తొక్కెక్కడిదే? ఉప్పుకే దిక్కులేకపాయె. గటకల సల్ల పోసి, ఉల్లిగడ్డ చేతికిచ్చేది. ముందు నాకు పెట్టి, కుండకు అంటింది గీక్కొని తినేది" అంటూ ఏడ్చింది. ఇన్నేళ్లూ కరువని తిట్టింది ఆ తల్లి పెట్టిన ముద్దనే.

మర్నాటి నుంచి గటక తనే కలిపింది. సరిగ్గా కనిపించకపోయినా, తెడ్డు తిరిగే బరువును బట్టి ఉడికిందో లేదో చెప్పేది. మాత్రలు మానలేదు. తొక్కు జాడీ అటకెక్కింది. నెలలు గడిచాక బీపీ మెల్లగా దిగింది, ఆపరేషనూ అయింది.

కట్టు విప్పాక ఇంటికొచ్చి, గటక గిన్నె ఆమె ముందు పెట్టాను. అత్త గిన్నె వంక చూడలేదు, నా వంకే చూసింది.

"ఏందే, నీ తల గింత నెరిసిందా! గింత బక్కగైనవేందే? తిన్నవా?"

"నువ్వు తిను అత్తమ్మా, నేను తర్వాత తింట."

"ఏం తర్వాత? కూసో."

గిన్నె నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం కుండను దగ్గరికి లాక్కొని, అడుగున అంటింది గీక్కొని తినసాగింది.