సగం బస్తా

ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆయన ఏటా ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో సీజను మొదటి బస్తా తానే మోసేవాడు. తెల్ల చొక్కా విప్పి, వీపు వంచి, కాంటా నుంచి లారీ దాకా "కబడ్డీ కబడ్డీ" అంటూ ఒక్క కూతలో నడిచేవాడు. ఒకప్పుడు మాతోపాటు హమాలీ, మా కబడ్డీ జట్టుకు ప్రాణం. ఫోటోల కోసం మూగిన పార్టీవాళ్లను కూత అందుకునే ముందే "జర పక్కకు జరుగుండ్రి, బరువు మీదున్న" అని తరిమేవాడు.

తర్వాత ఎన్నికల్లో ఓడాడు. ఏళ్లకేళ్లు పసుపు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులూ చెడిపోయాయి. దవాఖానలో పడుంటే ఆ పార్టీవాళ్లు ఒక్కడూ తొంగిచూడలేదు, సిగ్గులేని మనుషులు!

అయినా ఆ ఏడూ సీజను మొదలవగానే ఆటోలో వచ్చాడు. మావాళ్లు ప్రేమకొద్దీ బస్తాలోంచి సగం పసుపు తీసి, ఖాళీ గోనెలు కుక్కి, వీపు మీద పెట్టారు. ఆయన కూత అందుకోలేదు. హమాలీ వీపుకు బరువు తెలియదా?

"గిదేందన్నా?" అని నన్నడిగాడు.

"పానం బాగలేదు గదా తమ్మీ."

"ఓట్లల్ల ఓడిన గని, బిచ్చమడుగుతలేను. నా బస్తా నాకియ్యుండ్రి."

తీసిన పసుపు తిరిగి నింపడానికి మాకు చేతులు రాలేదు. బస్తా మెల్లగా దించి, చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు.

నెల తిరగకుండానే పోయాడు. ఇప్పుడొచ్చాయి కార్లు, జెండాలు, మైకులు! పాడె మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు, హమాలీలమే ఎత్తుకున్నాం.

ఆ సగం బస్తా అంత బరువైనా లేడు.