సరసానికి కొట్టిన దెబ్బ

నిన్న సాయంత్రం మా మనవరాలు టీవీలో కామెడీ సీరియల్ పెట్టుకుని పడీపడీ నవ్వుతోంది. అందులో బావగారు బావమరిది కాఫీలో నిద్రమాత్రలు కలిపాడు, అత్తగారిని స్టోర్‌రూములో పెట్టి గొళ్ళెం వేశాడు, చివరికి తూలుతూ లేచొచ్చిన బావమరిది నెత్తి మీద అట్లపెనంతో ఒక్కటిచ్చాడు. మత్తు పెట్టడం, అక్రమంగా నిర్బంధించడం, ఆయుధంతో గాయపరచడం అని నేను నేరాలు వరసగా చెప్పుకుపోతుంటే, ప్రాక్టీసు మానేసినా కోర్టు నిన్ను వదల్లేదని మా ఆయన విసుక్కున్నారు. ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. పిల్ల మూతి ముడుచుకుంది. ఏం చెయ్యను, ఆ దెబ్బ నాకు నవ్వు తెప్పించదు.

నర్సీపట్నం కోర్టులో నేను జూనియర్‌గా చేరిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి, వీధికి ఒకటో రెండో టీవీలు, కామెడీ వచ్చే వేళకి ఆ ఇంటి అరుగు నిండా జనం. అప్పుడూ వారంవారం ఓ బావ బావమరిదిని దేనితోనో ఒకదానితో బాదేవాడు, వాడు గిర్రున తిరిగి పడేవాడు. మన వైపు వరసైనవాళ్ళ మధ్య సరసం ఎలాగూ ఉన్నదే, బురద పూసినా మొట్టికాయ వేసినా కోపం తెచ్చుకుంటే మర్యాద తెలియనివాడి కింద జమ. నాతవరం దగ్గర ఓ పెళ్ళిలో, భోజనాల బంతిలో, ఒక బావగారు ఆ ధీమాతోనే తింటున్న బావమరిది చెవి మీద పులుసు వడ్డించే ఇనప గరిటెతో బలంకొద్దీ కొట్టాడు. కుర్రాడు లేవబోయి, గిర్రున తిరిగి విస్తట్లో బోర్లా పడితే, అచ్చం టీవీలోలాగే పడ్డాడని బంతంతా విరగబడి నవ్వింది. ఆ ఊపులో బావగారు ఇంకో రెండు వేశాడు. చెవిలోంచి రక్తం కారి అన్నం ఎర్రబడ్డాకగానీ నవ్వులు ఆగలేదు. ఆ ఎడమ చెవి మరి పనిచెయ్యలేదు.

చెవి పోగొట్టడం చట్టం దృష్టిలో తీవ్రమైన గాయం, సరసానికి కొట్టానంటే చెల్లదు, కోర్టు ఒప్పుకుంటే తప్ప రాజీ కూడా కుదరదు. కానీ దెబ్బతిన్నవాడి మాటకి తోడు సాక్షులేరీ? నవ్వినవాళ్ళంతా తల వంచుకుని తింటున్నాం, చూడలేదన్నారు. చెప్పగలిగింది ఒక్కతే, కొట్టినవాడి భార్య, దెబ్బతిన్నవాడి సొంత అక్క. ఆవిడ నోరు విప్పితే కాపురం పోతుంది, విప్పకపోతే తమ్ముడికి న్యాయం జరగదు. అందుకే ఆ తమ్ముడు, వాడి తరఫున నిలబడ్డ మా సీనియర్ గారు ఎంత వద్దన్నా వినకుండా, అక్క కోసం రాజీకి సిద్ధపడి కోర్టుకి వచ్చాడు.

ఇష్టపూర్వకంగానే రాజీ పడుతున్నావా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. పోయిన చెవి అటువైపు ఉండటంతో కుర్రాడు పలకలేదు. రెండోసారి అడిగితే దిక్కులు చూశాడు. వెనక బెంచీల్లో బంధువులు కిసుక్కున నవ్వారు. బోనులో బావగారూ నవ్వాడు.

అక్క లేచి నిలబడింది.

"నవ్వకండి. ఆడికి ఇనపడదు," అంది వాళ్ళతో. తర్వాత మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, "రాజీ వొద్దు బాబూ. నాను సూసినాను. ఎలాగ కొట్టినాడో నాను సెప్తాను," అంది.

కుర్రాడికి అదీ వినపడలేదు. పక్కనున్న నేను కుడి చెవిలో చెప్తే అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు, నల్లకోటు వేసుకున్న సంగతే మర్చిపోయాను.

ఆవిడ సాక్ష్యంతో శిక్ష పడింది, ఆవిడ కాపురమూ అక్కడితో సరి. గొలుగొండ దగ్గర పుట్టింట్లో ఉండి జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళేదని తర్వాత విన్నాను.

ఇప్పుడు సెక్షన్ల నంబర్లు మారిపోయాయి, ప్రతి బంతిలోనూ ఫోన్లున్నాయి, ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడానికి ఏ అక్కా కాపురం పోగొట్టుకోనక్కర్లేదు. ఒకప్పటి మా జూనియర్లు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అలాంటి వీడియోలు చూపిస్తుంటారు. దెబ్బ శుభ్రంగా కనిపిస్తుంది, తీస్తున్నవాడి నవ్వూ వినిపిస్తుంది. ఆ ఫోను పక్కన పడేసి వెళ్ళి ఆపినవాళ్ళని మాత్రం నేనింకా చూడలేదు.