బీడీ బొమ్మ, గొడుగు బొమ్మ

కోరుట్లలో మా వయసు వాళ్లు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నాటి పదో తరగతి పరీక్షల్లో ఒక తెలుగు మేడం పిల్లలకు బొమ్మల గుర్తులు నేర్పి కాపీ కొట్టించిందని. విన్నవాళ్లు నవ్వి 'బీడీ మేడం' అంటారు. ఆ మాట మొదట అన్నది నేను. అది అబద్ధం. సారు పొరపాటు పడ్డాడులే అని కొందరు నా తరఫున సర్దిచెబుతారు. అది పొరపాటు కూడా కాదు.

ఆ ఏడు సమ్మెలో బళ్లన్నీ మూతబడ్డాయి. నేను ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. పొద్దున్నే బస్టాండు దగ్గరి టెంటులో కూర్చునేవాళ్లం. పాటలు, ఉపన్యాసాలు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, సాయంత్రానికి పుకార్లు. ఎవరు గుట్టుగా డ్యూటీలో చేరారు, ఎవరు పైవాళ్లకు ఫోన్లు చేస్తున్నారు, ఇదే ముచ్చట. పక్కవాడు జేబులో చెయ్యి పెడితే ఎందుకు పెట్టాడా అని చూసేవాళ్లం. పోరాటం న్యాయమైనదే. కానీ పని లేకుండా కూర్చున్న మాకు ఒకరినొకరు అనుమానించడమే పనైంది.

ఆ మేడం ఊళ్లోనే ఇంకో బడిలో తెలుగు చెప్పేది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే వాళ్లింటి అమ్మాయి, ఇక్కడ అద్దెకుండేది. రోజూ మాతోపాటే టెంటులో కూర్చుని, ఎండ వాలగానే లేచి వెళ్లేది.

"మేడంకు బస్సున్నదా ఏంది, గడియారం చూసి లేస్తది?" అన్నాడు ఒక సారు.

"బస్సు గాదు. ఇంట్లనే బడి నడుపుతున్నదట. పోరగాండ్లు పోతున్నరు, మా ఆడోళ్లు చూసిండ్రు," అన్నాడు టెంటు బాధ్యత చూసే పెద్దాయన. నా దిక్కు తిరిగి, "లెక్కల సార్, నువ్వు పోతే ఎవలు అనుమానపడరు. జర చూసిరా," అన్నాడు.

నన్ను నమ్మి పని అప్పగించారని సంబరపడ్డాను. ఆ రోజు వాన. గొడుగు వేసుకుని వెళ్లి ఆమె ఇంటి పక్కన సగం కట్టి వదిలేసిన గోడ వెనక నిలబడ్డాను. వరండాలో పదో తరగతి పిల్లలు నేల మీద సుద్దముక్కలతో బొమ్మలు గీస్తున్నారు. ఆమె ఏదో చెబుతోంది, వాన చప్పుడులో వినబడలేదు. పిల్లలు ఒకరి బొమ్మ ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ఒక్క పుస్తకం లేదు. పుస్తకాలుంటే బడి నడుపుతోందని తేలిపోయేది. లేకపోయేసరికి నా అనుమానం పెరిగింది. చదువు కాకపోతే మరేమిటి?

"ఏం చూసినవ్?" అన్నాడు పెద్దాయన.

"పుస్తకాలు లెవ్వు. బొమ్మలు గీయిస్తున్నది."

"ఎవలి బొమ్మలు?"

"కనవడలే."

"కనవడలేదంటే ఏదో ఉన్నట్టే," అని తేల్చాడు.

మర్నాడు టెంటులో అందరి ముందే ఆమెను అడిగాం. ఆమె తడబడలేదు. "పిల్లలు ఖాళీగ కూసుంటే చదివింది మర్చిపోతరు సార్. సమ్మె నాది, పరీక్ష వాళ్లది," అంది. ఎంత సూటిగా చెప్పిందో అంతగా ఆ మాట వెనక ఏముందా అని వెతికాం.

సమ్మె ముగిసి బళ్లు తెరిచారు, ఎండాకాలం మొదట్లో పరీక్షలు వచ్చాయి. తెలుగు పరీక్ష రోజు తెలుగు పండితులకు గదుల్లో డ్యూటీ వేయరు. అందుకని నాకు పడింది. నా గదిలో సగం మంది ఆ మేడం పిల్లలు. ప్రశ్నపత్రం చేతికి రాగానే వాళ్లంతా దాన్ని వెనక్కి తిప్పి బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. ప్రశ్నపత్రం మీద హాల్ టికెట్ నంబరు తప్ప ఏమీ రాయకూడదు.

చివరి అరగంట దగ్గరపడ్డాక బెంచీల మధ్య తిరిగాను. కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తల్లితో పాటు బీడీలు చుట్టే పిల్ల. మార్కులు బాగా వస్తే ప్రభుత్వ హాస్టలు కాలేజీలో సీటు ఖాయమనీ, సీటు రాకపోతే తల్లి పై చదువు చదివించలేదనీ మా టీచర్లందరికీ తెలుసు. ఆ పిల్ల కాగితం మీద ఒక ఆకు, కొంచెం తంబాకు, ఒక దారం, చుట్టిన బీడీ. పక్క బెంచీలో అవే. వెనక బెంచీలోనూ అవే. చివరి అరగంటలో బిట్ పేపర్ ఇస్తారు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. ఇక్కడ నాలుగు బొమ్మలు. లెక్కల మనిషిని కదా, వెంటనే కలిపేశాను. ఆకు అంటే మొదటి జవాబు, తంబాకు అంటే రెండోది.

"గిదేంది బిడ్డా?"

"బీడీ సార్."

"పరీక్షల బీడీ ఏంది?"

"యాదికుంటదని సార్. ఉపమాలంకారం. దేన్ని పోలుస్తున్నమో అది ఆకు. దేంతోని పోలుస్తున్నమో అది తంబాకు. 'వలె' అనే మాట దారం, రెండిట్ని కడ్తది."

"మరి బీడీ?"

"రెండిట్ల కలిసే గుణం సార్. నాలుగూ ఉంటెనే ఉపమ. ఒక్కటి లేకున్నా ఊసిపోతది."

నాకు అలంకారాలు రావు. అయినా ఆ పిల్ల గొంతులో అబద్ధం లేదని తెలిసింది. అక్కడితో ఆగవలసింది. కాగితం చివర ఇంకో బొమ్మ కనబడింది. ఒక గోడ. గోడ పైన గొడుగు, గొడుగు కింద రెండు కళ్లద్దాలు. ఇవతల పిల్లలు సుద్దతో రాసుకుంటున్నారు. గొడుగు మనిషి తల మీద ఒక మబ్బు, ఆ మబ్బులో అదే పిల్లలు ముసుగులు కట్టుకుని దొంగల్లా సంచులు మోస్తున్నారు.

"గీ మనిషెవలు?"

"ఎవలు గాదు సార్. ఉత్ప్రేక్ష."

"అంటే?"

"ఒకటి చూసి, ఇంకోటి కావచ్చని ఊహించుకునుడు సార్." ఆ పిల్ల తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించింది.

గొడుగుకు ఒక పక్క అతుకు కూడా గీసింది. నా నల్ల గొడుగుకు మా ఆవిడ తెల్ల గుడ్డతో అతుకు వేసింది. నేను గోడ వెనక దాక్కున్నానే కానీ గొడుగు పైకి కనబడుతుందని అనుకోలేదు. ఆ వానలో వాళ్లు నవ్వింది నన్ను చూసే.

అప్పటికి నాకు అంతా అర్థమైంది. బొమ్మలు గుర్తులు కావని, కాపీ లేదని, ఆ మేడం సమ్మెలో కూర్చుంటూనే పిల్లల చదువు నిలబెట్టిందని. అర్థమయ్యాకే సెంటర్ అధికారిని పిలిచాను. ఆకు మొదటి జవాబు, తంబాకు రెండోది అని, నేనే నమ్మని లెక్కను నమ్మకంగా చెప్పాను. గొడుగు బొమ్మ సంగతి ఎత్తలేదు.

ఆయన ఆ పిల్లను ఆఫీసు గదికి తీసుకుపోయాడు. అట్ట, జామెట్రీ డబ్బా వెతికించారు. ఒక్క చిట్టీ దొరకలేదు. తిరిగి పంపేసరికి బిట్ పేపర్ సమయం దాదాపు అయిపోయింది. ఏడుస్తూ ఏవో కొన్ని గుర్తులు పెట్టి ఇచ్చింది. జగిత్యాల నుంచి అధికారి వచ్చి మేడంను విచారించాడు. రుజువు లేదని కాగితాలు మూశారు గానీ, నేను చాయ్ దగ్గర చెప్పిన మాట పట్టుకుని ఊరు నోరు మూయలేదు. ఆ పిల్లకు సీటు రాలేదు. మేడం బదిలీ పెట్టుకుని సిరిసిల్ల వైపు వెళ్లిపోయింది. రాష్ట్రం వచ్చాక, ఉద్యమంలో ముందున్న సారని నాకు దండ వేశారు. వద్దనలేదు.

మొన్న సిరిసిల్లలో టీచర్ల శిక్షణకు వెళితే ఆమె ఎదురైంది. చేతిలో టీ గ్లాసుతో నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఏం సార్, మళ్ల ఏం రాసుకపోదామని అచ్చిండ్రు?"

గొడుగు బొమ్మ చూశాకే రిపోర్టు చేశానని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎర్కే సార్. ఆ బొమ్మల మిమ్మల్ని మీరు గుర్తుపట్టిండ్రనే అనుకున్న. ఆ పిల్లకు సీటు పోయింది, అదన్న ఎర్కేనా?"

"ఎర్కే. ఆ బొమ్మ ఇంకా గీయిస్తున్నరా?" అన్నాను.

"ఈడి పిల్లలకు మీరు తెల్వరు గద. ఈడోళ్లకు గోడెనక వేరేటాయన ఉన్నడు." నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "నాకు చెప్పుడెందుకు సార్? నాకు తెల్వంది కాదు. ఏడ అన్నరో ఆడ చెప్పుండ్రి," అని వెళ్లిపోయింది.

కోరుట్ల వచ్చి, టెంటు వేసిన చోటికి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, పాతవాళ్లంతా ఉండగా చెప్పాను. పెద్దాయన నన్ను అనుమానంగా చూశాడు.

"ఇన్నేండ్లకు గిప్పుడెందుకు చెప్తున్నవ్? ఎనుక ఎవలున్నరు? కౌన్సిలర్‌గ నిలవడ్తున్నవా ఏంది?"

అందరూ నవ్వారు. ఏం చెప్పినా నమ్మేలా లేరు. ఆ చూపు వాళ్లకు నేర్పిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఇంకో చాయ్ చెప్పి, మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి గొడుగు దగ్గర మొదలుపెట్టాను.